మీ ప్రశ్న – మా జవాబు: ఇటలీ పతకాల వెనుక ఒక ఆసుపత్రి

ప్రశ్న: 2024 పారిస్ పారాలింపిక్స్‌లో ఇటలీ 71 పతకాలు గెలిచిందని చదివాను. జనాభాలో ఆ దేశం మన రాష్ట్రం కంటే మరీ పెద్దదేమీ కాదు. ఇంతటి విజయానికి కారణం డబ్బేనా?
– ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: డబ్బు లేకుండా ఇది జరగదన్న మాట నిజమే కాని, డబ్బున్న దేశాలన్నీ ఆ వరుసలో కనిపించవు. పారిస్‌లో ఇటలీకి 24 స్వర్ణాలు, 15 రజతాలు, 32 కాంస్యాలు దక్కి ఆరవ స్థానం లభించింది. ఈ ఫలితానికి మూలం వెతకాలంటే రోమ్ దగ్గరి ఓస్తియా అనే సముద్రతీర పట్టణంలో 1950ల చివరిలో నడిచిన వెన్నుపాము గాయాల చికిత్సా కేంద్రం వరకు వెళ్లవలసి ఉంటుంది. దానిని నడిపినది ఇనాయిల్ అనే సంస్థ. పనిచేసే చోట ప్రమాదానికి గురైన కార్మికులకు బీమా కల్పించే ఆ ప్రభుత్వ సంస్థను, పోలిక పూర్తిగా కుదరకపోయినా, మన ఇ.ఎస్.ఐ.తో పోల్చి అర్థం చేసుకోవచ్చు. గనిలోనో, కట్టడం మీదనో పడి నడుము కింద చచ్చుబడిన కార్మికుణ్ణి మంచం మీద వదిలేయకుండా, అక్కడి వైద్యుడు ఆంతోనియో మాల్యో ఈత, విలువిద్య, బాస్కెట్‌బాల్ వంటి ఆటలను చికిత్సలో భాగం చేశారు. ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో ఇదే పద్ధతిని అంతకుముందే ప్రారంభించిన వైద్యుడు లుడ్విగ్ గట్‌మన్‌తో కలిసి ఆయన చేసిన ప్రయత్నం వల్లనే, 1960లో రోమ్ ఒలింపిక్స్ ముగిసిన కొద్ది రోజులకు, 23 దేశాల నుంచి సుమారు 400 మంది చక్రాల కుర్చీ క్రీడాకారులతో ఆ నగరంలో పోటీలు జరిగాయి. తర్వాతి కాలంలో తొలి పారాలింపిక్స్‌గా గుర్తింపు పొందినవి అవే.

ఆ పోటీలలో ఇటలీ 80 పతకాలతో అగ్రస్థానంలో నిలిచింది. ఒక్క మరియా స్కుత్తియే అథ్లెటిక్స్‌లోను, ఈతకొలనులోను, కత్తియుద్ధంలోను, టేబుల్ టెన్నిస్‌లోను కలిపి పది స్వర్ణాలు గెలిచారు. అయితే ఏర్పాట్లన్నీ సవ్యంగా ఉన్నాయనుకోకూడదు. క్రీడాకారుల బస స్తంభాల మీద ఎత్తుగా కట్టిన భవనాలలో ఉండటంతో, సైనికులు వారిని కుర్చీలతో సహా మెట్ల మీదుగా మోసుకుపోవలసి వచ్చింది. మన కార్యాలయాల ముందు ర్యాంపు లేని మెట్లు చూసినవారికి ఆ దృశ్యం కొత్తగా తోచదు.

ఆ తొలి అడుగు అక్కడితో ఆగిపోలేదు. బొలోన్యా సమీపంలోని వీగొర్సో ది బుద్రియోలో ఇనాయిల్ కృత్రిమ అవయవాల కేంద్రాన్ని నడుపుతున్నది. 2001 సెప్టెంబరులో జర్మనీలో జరిగిన కారు పందెంలో రెండు కాళ్లూ కోల్పోయిన మాజీ ఫార్ములా వన్ చోదకుడు అలెక్స్ జనార్ది కోలుకున్నది అక్కడే. చేతులతో తొక్కే సైకిలు మీద ఆయన 2012 లండన్‌లోను, 2016 రియోలోను రెండేసి స్వర్ణాలు సాధించారు. లండన్ పోటీలలో ఆయన గెలిచిన చోటు బ్రాండ్స్ హ్యాచ్ అనే కారు పందేల మైదానమే కావడం విశేషం. మరొక కారణం కూడా చెప్పాలి, నా దృష్టిలో బయటివారు తక్కువగా గమనించేది ఇదే: ఆ దేశపు పోలీసు, కస్టమ్స్ దళాల క్రీడా విభాగాలలో పారా క్రీడాకారులకు కూడా స్థానం ఉంది. నెల జీతం వచ్చే క్రీడాకారుడు పతకం రాని సంవత్సరంలో కూడా సాధన మానడు. ఈతలో ఈ ఫలితం స్పష్టంగా కనిపిస్తుంది. 2019, 2022, 2023 ప్రపంచ పారా ఈత పోటీలలో ఇటలీదే పతకాల పట్టికలో మొదటి స్థానం.

ప్రశ్న: స్కూటీ ప్రమాదంలో మా అమ్మాయికి మోకాలి పైవరకు ఒక కాలు తీసివేశారు. ఇటలీకి చెందిన ముగ్గురు అమ్మాయిలు కృత్రిమ కాళ్లతో పరుగెత్తి మూడు పతకాలూ గెలిచిన వీడియో చూసినప్పటి నుంచి తాను కూడా పరుగెత్తుతానంటున్నది. ప్రోత్సహించవచ్చునా?
– ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: తప్పకుండా ప్రోత్సహించండి, కాని తొందరపెట్టకండి. మీరు చూసినది టోక్యో పారాలింపిక్స్‌లో 2021 సెప్టెంబరు 4న జరిగిన మహిళల 100 మీటర్ల టి63 పరుగు. మోకాలి పైభాగంలో ఒక కాలు కోల్పోయి కృత్రిమ కాలితో పరుగెత్తేవారి తరగతి అది. అంబ్రా సబాతీని 14.11 సెకన్లలో ప్రపంచ రికార్డుతో గెలవగా, మార్తీనా కైరోని, మోనికా కొంత్రఫాత్తో తర్వాతి స్థానాలలో నిలిచారు. అఫ్గానిస్థాన్‌లో గాయపడిన సైనికురాలైన మోనికా, 2012లో ఆసుపత్రి మంచం మీద నుంచి మార్తీనా పరుగు చూసి ఈ దారి పట్టారు. సబాతీని కూడా 2019లో స్కూటర్ ప్రమాదంలోనే కాలు పోగొట్టుకుని, రెండేళ్లలో స్వర్ణం గెలిచారు. అయితే ఆమె ప్రమాదానికి ముందే క్రీడాకారిణి కనుక ఆ రెండేళ్ల గడువును మీ అమ్మాయికి కొలతగా పెట్టవద్దు. అదే సబాతీని పారిస్‌లో గమ్యానికి కొద్ది అడుగుల దూరంలో పడిపోయారు, స్వర్ణం కైరోనికి దక్కింది. ఆ వీడియోను కూడా అమ్మాయికి చూపించండి.

రోజూ నడిచే కాలితో పరుగు మొదలుపెట్టనివ్వకండి. పరుగుకు బ్లేడు (స్ప్రింగులా వంగే కృత్రిమ పాదం), దానికి తగిన మోకాలి కీలు వేరుగా ఉంటాయి. మన ఎండలలో చెమటకు సాకెట్ (మిగిలిన కాలు దూర్చే తొడుగు) జారి, చర్మం ఒరుసుకుని పుండు పడితే వారాల తరబడి కాలు తొడగడమే కుదరదు. అందువల్ల సాకెట్ సరిగా అమరేవరకు ఈతతోనో, కూర్చుని విసిరే షాట్‌పుట్‌తోనో శరీరానికి బలం కూర్చడం మేలు. సదరం ధ్రువపత్రంలోని శాతం పింఛనుకు పనికివస్తుంది గాని పోటీలకు చాలదు. క్రీడా వర్గీకరణ నిపుణులు విడిగా పరీక్షించి తరగతి నిర్ణయిస్తారు.

ప్రశ్న: ఒకే వ్యక్తి ఒలింపిక్స్‌లోను, పారాలింపిక్స్‌లోను పాల్గొనవచ్చునా?
– విలువిద్య నేర్చుకుంటున్న విద్యార్థి, విజయవాడ

జవాబు: పాల్గొనవచ్చు. చిన్ననాడే పోలియో సోకిన ఇటలీ విలుకత్తె పావోలా ఫంతాతో 1996లో అట్లాంటాలో రెండింటిలోను పోటీపడ్డారు. ఒకే సంవత్సరంలో రెండింటిలోను పాల్గొన్న మొదటి వ్యక్తి ఆమె. అస్సుంత లెన్యాంతే 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో షాట్‌పుట్ విసిరి, గ్లాకోమా అనే కంటి జబ్బుతో చూపు పోయిన తర్వాత 2012 లండన్ పారాలింపిక్స్‌లో అదే ఆటలో స్వర్ణం గెలిచారు. జ్యోతి సురేఖ వంటి విలుకత్తెను ఇచ్చిన ఊరివారు కనుక మీకు మరొక విషయం ఆసక్తి కలిగించవచ్చు: పారిస్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్టు కాంస్యం కోసం మన శీతల్ దేవి, రాకేశ్ కుమార్ ఓడించినది ఇటలీ జట్టునే, అదీ 156–155 తేడాతో.