కలర్‌లో ‘యు’ గురించి

అక్కా, మీ పాప కలర్‌లో ‘యు’ రాయలేదని టీచరమ్మ మార్కు కోసింది, యు పెడితేనేమో కంప్యూటర్ ఎర్రగీత గీస్తోంది అన్నారు కదా. తప్పు పాపది కాదు. 1755లో లండన్‌లో జాన్సన్ నిఘంటువు యు ఉంచింది, 1828లో అమెరికాలో వెబ్‌స్టర్ అనే ఆయన తన నిఘంటువులో తీసేశాడు. టంగ్‌ను కూడా ‘టి యు ఎన్ జి’ చేయబోయాడు గానీ అది ఎవరికీ ఎక్కలేదు.

మన కడపనే చూడండి. 2005 దాకా ఇంగ్లీషులో ‘సి యు డి డి ఎ పి ఎ హెచ్’. నా టెన్త్ సర్టిఫికెట్ మీద ఇప్పటికీ అదే ఉంది, పాస్‌పోర్టప్పుడు ఎంత టెన్షనో!

మన బడుల్లో నడిచేది బ్రిటిష్ పద్ధతి, కాబట్టి పరీక్షలో యు రాయమనండి. వర్డ్‌లో రివ్యూ కింద లాంగ్వేజ్‌కు పోయి, యూఎస్ తీసి ఇంగ్లీష్ ఇండియా పెట్టండి. ఎర్రగీత పోతుంది.