మొనేరోలో డబ్బు తీసుకుంటే నేరమా?

ప్రశ్న: మాది విజయవాడ. ఇంటి నుంచే ఒక విదేశీ క్లయింట్‌కి సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. ఏడాదిగా ఆయన డబ్బు మొనేరోలో, అంటే ఎవరు ఎంత పంపారో బయటికి కనపడని క్రిప్టో నాణెంలో, పంపుతున్నాడు. ఎవరి కంటా పడదని నేనూ ఒప్పుకున్నాను. ఇప్పుడు అమ్ముదామంటే క్రిప్టో కొని అమ్మే ఎక్స్ఛేంజీలు తీసుకోవడం లేదు. టెలిగ్రామ్‌లో ఒకతను మంచి రేటు ఇస్తానంటున్నాడు. నాపై కేసు పెడతారా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మొనేరో దగ్గరుంచుకోవడమే నేరమనే చట్టం మన దేశంలో లేదు. మీ సంపాదన పదిమందికీ తెలియకూడదనుకోవడమూ తప్పు కాదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. బిట్‌కాయిన్‌లో అయితే మీ అడ్రస్ తెలిసిన ఎవరైనా మీ దగ్గర ఎంతుందో చూసేయగలరు.

కానీ పన్ను అధికారి ముందు ఆ గోప్యతే మీకు ఎదురు తిరుగుతుంది. బ్యాంకు డబ్బుకు స్టేట్‌మెంట్ సాక్ష్యం. మొనేరోలో పంపినవారు, మొత్తం రెండూ కనపడవు. ఆ డబ్బు ఎక్కడిదో రుజువు చేసుకోవాల్సింది మీరే. అందుకే ఇన్‌వాయిస్‌లు, క్లయింట్ మెయిళ్లు, డబ్బు అందిన రోజు రేటు ఇప్పుడే ఒకచోట చేర్చండి. నాణేలుంచుకునే మీ వాలెట్‌లో ‘వ్యూ కీ’ అనే చూడటానికి మాత్రమే పనికొచ్చే కోడ్ ఉంటుంది. దానితో వచ్చిన మొత్తాలు ఆడిటర్‌కి చూపించవచ్చు. బయటికి పంపినవి మాత్రం దానితో సరిగా తేలవు. కాబట్టి పంపిన ప్రతిసారీ, పంపినట్టు రుజువు చేసే ఆ లావాదేవీ కీ దాచుకోండి. వాలెట్ మొత్తాన్ని తెరిచే రహస్య పదాలైన సీడ్ పదాలు ఆడిటర్‌కి కూడా ఇవ్వొద్దు.

అందిన రోజు దాని రూపాయి విలువ మీ వృత్తి ఆదాయం. తర్వాత అమ్మితే, ఆ విలువపై వచ్చిన లాభానికి 30 శాతం పన్ను, పైన సెస్. 2022 ఏప్రిల్ నుంచి ఇదే నిబంధన. నష్టమొస్తే వేరే ఆదాయంలో తగ్గించుకోలేరు. రిటర్న్‌లో చూపించకుండా గడువు దాటిపోయి ఉంటే, నోటీసు రాకముందే అప్‌డేటెడ్ రిటర్న్ వేయండి.

2023 మార్చి నుంచి ఎక్స్ఛేంజీలు మనీ లాండరింగ్ చట్టం కిందికి వచ్చాయి. జాడ తెలియని నాణేన్ని తీసుకోవడానికి వెనకాడుతున్నది అందుకే. 2024 ఫిబ్రవరిలో బైనాన్స్ అనే పెద్ద విదేశీ ఎక్స్ఛేంజీ కూడా మొనేరోను తీసేసింది.

నాకు అన్నిటికన్నా భయం ఆ టెలిగ్రామ్ బేరమే. అతను పంపే రూపాయలు సైబర్ మోసంలో ఎవరో పోగొట్టుకున్నవైతే, పోలీసులు మీ ఖాతా ఫ్రీజ్ చేయిస్తారు. విడిపించుకోవడానికి కోర్టు చుట్టూ తిరగాలి. అవతలి మనిషి ఎవరో కూడా మీరు చెప్పలేరు. ఎంత రేటిచ్చినా ఒప్పుకోకండి.

విదేశాలకు చేసిన సేవల డబ్బు బ్యాంకు ద్వారానే రావాలని విదేశీ మారకద్రవ్య చట్టం (ఫెమా) నిబంధనలు చెబుతాయి. వచ్చే నెల నుంచి ఖాతాలోనే వేయమని క్లయింట్‌కి ఈరోజే మెయిల్ పెట్టండి.