బాడీగార్డ్ లైసెన్స్‌కి 40 వేలా?

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు. డిగ్రీ మధ్యలో ఆపేశాడు. ఎన్‌సీసీ చేశాడు, జిమ్ పిచ్చి. బాడీగార్డ్ అవుతానంటున్నాడు. 40 వేలు కడితే గన్‌తో సహా లైసెన్స్ ఇప్పిస్తామని ద్వారకానగర్‌లో ఒకరు చెప్పారు. కట్టమంటారా? మా బావమరిదికి కూడా వ్యాపార గొడవల వల్ల ఒక బాడీగార్డ్ కావాలి. ఏం చూసుకోవాలి?
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: కట్టకండి. వాళ్లు ఇప్పిస్తామంటున్న లైసెన్స్ అసలు లేదు. 2005 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం, అదే ఈ రంగంలో అందరూ పసారా అనేది, లైసెన్స్ తీసుకోమన్నది ఏజెన్సీని, అందులో పనిచేసే మనిషిని కాదు. లైసెన్స్ లేకుండా ఏజెన్సీ నడిపితే ఏడాది దాకా జైలు, 25 వేల దాకా జరిమానా, లేదా రెండూ.

మీవాడికి కావాల్సింది వెరిఫికేషన్‌లో మచ్చలేని రికార్డు, శిక్షణ సర్టిఫికెట్. కేంద్రం నమూనా నిబంధనల్లో ఆ శిక్షణ 100 గంటలు క్లాసులో, 60 గంటలు ఫీల్డులో. గన్ సంగతి వేరు. అది 1959 ఆయుధాల చట్టం కిందకొస్తుంది, 21 నిండనివాళ్లకు ఇవ్వరు. మీవాడికి ఇరవయ్యే అని తెలిసి కూడా గన్ ఆశ చూపించారంటే ఇంక చెప్పేదేముంది!

అసలు పోటీ ఎక్కడో చెప్తాను. విశాఖ తూర్పు నౌకాదళానికి కేంద్రం. సర్వీసు ముగించుకున్న నేవీవాళ్లు ఇక్కడ చాలామంది. ఉద్యోగాల్లో మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు ప్రాధాన్యం ఇవ్వొచ్చని చట్టమే అంటోంది. వాళ్ల పక్కన నిలబడాలంటే కండలు చాలవు. కారు బాగా నడపాలి, ప్రథమ చికిత్స రావాలి, హిందీ, ఇంగ్లిష్ మాట్లాడగలగాలి, కోపం అదుపులో ఉండాలి. ముందు ఆగిన డిగ్రీ పూర్తి చేయించండి. ఎన్‌సీసీ సర్టిఫికెట్ ఉంది కాబట్టి సైన్యానికో, పోలీసు ఉద్యోగానికో ఒకసారి గట్టిగా ప్రయత్నించనివ్వండి. తర్వాత ఇటు వచ్చినా విలువ పెరిగే వస్తాడు.

ఇక మీ బావమరిది. ఏజెన్సీ ఆఫీసులో లైసెన్స్ అందరికీ కనబడేలా పెట్టాలి. గడువు ఎప్పటిదాకా ఉందో ఆయన్నే చదవమనండి. పంపే మనిషి ఫొటో గుర్తింపు కార్డు, శిక్షణ కాగితం అడగాలి. గన్‌మెన్ అయితే తుపాకీ లైసెన్స్ ఎవరి పేరున ఉందో చూడాలి. పోలీసు యూనిఫాంలా కనిపించే బట్టలు వేసుకొస్తే అదీ నేరమే. ఇంకొకటి, బాడీగార్డ్‌కు పోలీసు అధికారాలేవీ రావు. దాడి జరిగితే ఆత్మరక్షణ హక్కు మనందరికీ ఉన్నంతే. కళ్లముందు తీవ్ర నేరం చేసినవాణ్ని పట్టుకోవచ్చు, కానీ ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. బాకీ వసూళ్లకు, ఎదుటివాళ్లను బెదిరించడానికి తీసుకెళ్తే మాత్రం కేసులో ఇద్దరూ ఉంటారు.