టైరు కొనే ముందు చక్రం తిప్పి చూడు

అల్లుడూ,

సైకిలు డబ్ డబ్‌మని కొడుతోందనీ, ఒంగోలు పోయి కొత్త టైరు తెచ్చుకుంటాననీ అన్నావంట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ డబ్బులు జేబులోనే ఉండనీ. ముందు ఆ దెబ్బ యాడినుంచి వస్తోందో తేల్చుకో.

కాస్త వేగంగా తొక్కి, కాళ్ళు ఆపేసి ఊరికే పోనీ. అప్పుడూ కొడుతుంటే తప్పు చక్రానిది. తొక్కినప్పుడే కొడుతుంటే చక్రాల జోలికి పోవద్దు, పెడలు కాడలూ చెయినూ చూడు. నీది 28 అంగుళాల చక్రం, చుట్టుకి సుమారు 2.2 మీటర్లు పోతుంది. అంత దూరానికి ఒక దెబ్బ పడుతుంటే ఇంక అనుమానం లేదు.

సైకిల్ని తలకిందులుగా నిలబెట్టు. చక్రం పక్కనుండే కడ్డీకి చీపురుపుల్ల ఒకటి కట్టి, కొస టైరుకి తగిలీ తగలనట్టు పెట్టు. మెల్లగా తిప్పు. పుల్ల గీరుకున్న చోట సుద్దముక్కతో గుర్తు పెట్టు. తర్వాత పుల్లని రిమ్ము అంచుకి జరిపి మళ్ళీ తిప్పు. గుర్తు దగ్గర రిమ్ము కూడా ఎగిరితే చక్రం స్పోకులు బిగించి బెండు తీయించాలి, లేదా గుంటలో పడి రిమ్ము నొక్కుకుపోయుంటుంది. చీమకుర్తి రోడ్ల మీద, ఆ గ్రానైటు లారీల వెనక తిరిగే సైకిలుకి అదేం వింత కాదు. కొత్త టైరేసినా అది కొట్టడం మానదు.

రిమ్ము తిన్నగా ఉండి టైరొక్కటే లేస్తుంటే, టైరు పక్కగోడ మీద, రిమ్ముకి ఆనుకొని సన్నటి గీత ఒకటి ఉంటుంది చూడు. అది చుట్టూరా ఒకే ఎత్తులో కనపడాలి. ఒకచోట రిమ్ములోకి దిగిపోయినా, పైకి తేలినా టైరు సరిగా కూర్చోలేదన్నమాట. మన తుమ్మముళ్ళకి పంచర్లకేం కొదవ! వేసేవాడు హడావిడిగా ఎక్కించి పంపేస్తాడు. గాలి తీసెయ్. గాలి కొట్టే వాల్వుని లోపలికి ఒకసారి నెట్టి వదులు, అక్కడ ట్యూబు టైరు కింద ఇరుక్కునుంటే బయటపడుతుంది. అంచు చుట్టూ సబ్బునీళ్ళు రాసి, చేత్తో సర్ది, మెల్లగా గాలి కొట్టు. గీత సమానంగా వచ్చిందాకా కొట్టు గానీ, టైరు మీద రాసున్న గాలి లెక్క దాటనీయకు.

గీత బాగుండి కూడా ఉబ్బు కనపడితే టైరు విప్పి లోపల వేలితో తడుము. దారాలు తెగుంటే గరుకుగా తగులుతాయి. దానికి మందు లేదు. పాత టైరు ముక్క లోపల పెట్టి నడిపిస్తామంటారు కొందరు, ఒప్పుకోవద్దు. కొన్నాళ్ళకి ఆ ముక్కే డబ్ డబ్‌మంటుంది. పైగా ముందు చక్రమైతే ఎప్పుడు పేలి పడేస్తుందో తెలియదు. దారాలు తెగుంటే మాత్రం ఒంగోలు పో. పాత టైరు మీద 40-635 అని ఉంటుంది, ఆ అంకె చూపించి తీసుకో. ఊరికే 28 అంటే ఇంకో రకం చేతిలో పెడతారు, అది నీ రిమ్ముకి ఎక్కదు.

మీ మామ,
కందుకూరు