ట్యూబ్ ఆంప్ కాలిపోయింది, వారంటీ లేదంటున్నారు: స్పీకర్ క్యాబ్ మ్యాచ్ చేయాల్సింది ఎవరు?

ప్రశ్న: సర్, మాది విజయవాడ. సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తూ వీకెండ్స్‌లో బ్యాండ్‌లో గిటార్ వాయిస్తా. ఏడు నెలల కింద హైదరాబాద్‌లో ఒక షాపులో 50 వాట్ల ట్యూబ్ ఆంప్ హెడ్ (స్పీకర్లు లేని ఆంప్లిఫయర్ పెట్టె, 1,10,000), దానికి వాళ్లే చెప్పిన ఫోర్ బై ట్వెల్వ్ క్యాబినెట్ (పన్నెండు అంగుళాల స్పీకర్లు నాలుగుండే పెట్టె, 62,000) కొన్నా. "ఈ హెడ్‌కి ఈ క్యాబ్ పడితేనే టోన్" అని సేల్స్ అబ్బాయి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ కూడా పెట్టాడు. డెమో మాత్రం షాపులో ఉన్న వేరే క్యాబ్‌తో ఇచ్చి, వెనక సెట్టింగ్స్ ఏమీ కదపకండి అన్నాడు. నా క్యాబ్ తర్వాత పార్సిల్‌లో వచ్చింది. మూడో నెలలో ప్రాక్టీస్ మధ్యలో కాలిన వాసన వచ్చి ఆంప్ ఆగిపోయింది. సర్వీస్ వాళ్లు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోయింది, హెడ్ వెనక సెలెక్టర్ (క్యాబ్ ఎన్ని ఓమ్స్‌దో దానికి తగ్గట్టు పెట్టే స్విచ్) 4 ఓమ్స్ మీద ఉంది, క్యాబ్ 16 ఓమ్స్‌ది, ఇది మీ మిస్‌యూజ్, వారంటీ రాదు, 38,000 కట్టండి అంటున్నారు. అసలు మొదటి నుంచీ టోన్ కూడా చెప్పినట్టు లేదు, పల్చగా ఉండేది. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చండి. కాకపోతే మీరు ఉత్తరంలో సగం పైన టోన్ గురించే రాశారు, అదంతా నేను ఒక్క లైనుకి కుదించేశా, ఏమనుకోకండి. టోన్ బాలేదు అన్న మాట ఒక్కటే పట్టుకుని వినియోగదారుల కమిషన్‌కి వెళ్తే అవతలి లాయర్ నవ్వుకుంటాడు. ఆ 4 మీద సెలెక్టర్ పెట్టింది ఎవరు, కదపొద్దు అన్నది ఎవరు, మీ కేసు మొత్తం దాని మీదే నడుస్తుంది.

అన్నిటికన్నా ముందు ఒక పని చేయండి, ఈ జవాబు మిగతాది తర్వాత చదవొచ్చు. క్యాబ్ వెనక్కి వెళ్లి జాక్ ప్లేట్ (కేబుల్ గుచ్చే చోటు) చూడండి. ఫోర్ బై ట్వెల్వ్ క్యాబ్స్‌లో చాలావాటికి ఒకటి కన్నా ఎక్కువ జాక్స్ ఉంటాయి. మార్షల్ కంపెనీ 1960 (ఇది మోడల్ నంబరు) టైప్ క్యాబ్స్ అయితే మోనోలో ఒక జాక్ 4 ఓమ్స్, ఇంకోటి 16 ఓమ్స్, స్టీరియోకి మారిస్తే ఒక్కో సైడు 8. మీది అలాంటిదే అయ్యుండి, మీ కేబుల్ 4 ఓమ్స్ జాక్‌లోనే ఉంటే, హెడ్ మీద 4, క్యాబ్ వైపు 4, అంటే మ్యాచింగ్ కరెక్టుగా ఉన్నట్టే. అప్పుడు సర్వీస్ వాడు చెప్పిన కారణమే కూలిపోయింది, అతను ప్లేట్ మీద 16 అన్న అంకె ఒక్కటే చూసి రాసేసి ఉంటాడు. మూడో నెలలో కొత్త ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్ పోతే అది వారంటీ కేసే, ఇంక వేరే వాదన పెద్దగా అక్కర్లేదు. ఫోటో తీసి పెట్టుకోండి, మీ ఫ్రెండ్స్ ప్రాక్టీస్ వీడియోల్లో ఎక్కడైనా క్యాబ్ వెనక భాగం, కేబుల్ ఏ జాక్‌లో ఉందో కనిపిస్తుందేమో కూడా వెతకండి.

లేదు, ఒకటే జాక్, అదీ 16 ఓమ్స్ అంటారా, అప్పుడు కథ వేరు. ఇది కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే కమిషన్‌లో కూర్చునే పెద్దమనిషికి మీరే ఇది చెప్పుకోవాలి, ఆయన జీవితంలో ట్యూబ్ చూసింది వాళ్ల నాన్నగారి వాల్వ్ రేడియోలోనే అయ్యుంటుంది. ట్యూబులకి ఎదురుగా వేల ఓమ్స్ లోడు కావాలి, స్పీకరేమో 4, 8, 16. ఈ రెంటికీ మధ్య గేర్‌బాక్స్ లాంటిది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. రెండు ఈఎల్34 ట్యూబులున్న 50 వాట్ల ఆంప్ అనుకోండి, వాటికి సుమారు 3,400 ఓమ్స్ కనపడాలి. 4 ఓమ్స్ ట్యాప్‌కి (సెలెక్టర్ 4 మీద పెడితే పనిచేసే కనెక్షన్) 4 ఓమ్స్ స్పీకరే తగిలిస్తే సరిగ్గా అదే కనపడుతుంది. అదే ట్యాప్‌కి 16 ఓమ్స్ క్యాబ్ తగిలిస్తే నాలుగింతలు, 13,600 కనపడుతుంది. పవర్ పూర్తిగా రాదు, ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట మీద వోల్టేజి ఎగిరెగిరి పడుతుంది, వాల్యూమ్ పెంచి గట్టిగా వాయించేకొద్దీ ఇన్సులేషన్ దెబ్బతిని ఏదో ఒక రోజు లోపల స్పార్కయి పోతుంది. అసలు స్పీకరే తగిలించకుండా ట్యూబ్ ఆంప్ వాయిస్తే ఇంకా ఘోరం. ట్రాన్సిస్టర్ ఆంప్‌కి లోడు లేకపోయినా ఫర్వాలేదు, అక్కడ ఓమ్స్ మరీ తగ్గితేనే ప్రమాదం, అందుకే ట్రాన్సిస్టర్ ఆంప్స్ అమ్మి అలవాటైన కుర్రాళ్లు ట్యూబ్ హెడ్ దగ్గర కూడా ఏదైనా తగిలించేయొచ్చు అనుకుంటారు. మా అబ్బాయి దగ్గర 22 వాట్ల ట్యూబ్ కాంబో (ఆంప్, స్పీకరు ఒకే పెట్టెలో ఉండేది) ఒకటి ఉంది, ఈ గోలంతా నాకు దాని పుణ్యాన తెలిసింది.

మీరు పల్చగా ఉండేది అన్నారే, అది ఇక్కడ పనికొస్తుంది. టోన్ నచ్చలేదు అని కాకుండా, మొదటి రోజు నుంచే మిస్‌మ్యాచ్ ఉందనడానికి గుర్తుగా. కొన్న వారంలోనే షాపుకి "సౌండ్ తక్కువగా ఉంది" అని మెసేజ్ ఏదైనా పెట్టారా? పెట్టుంటే, వాళ్లు దానికి "స్పీకర్లు ఇంకా బ్రేక్ ఇన్ కావాలి సర్" టైపులో జవాబిచ్చుంటే, అది బంగారం.

ఇంక చట్టం. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవా లోపం నిర్వచనం, సెక్షన్ 2(11), అందులో కొనేవాడికి చెప్పాల్సిన ముఖ్యమైన సమాచారం కావాలని దాచిపెట్టడం కూడా లోపమే అని రాసుంది. దాంతో పాటు 1930 నాటి సరుకుల విక్రయ చట్టం సెక్షన్ 16: నాకు ఫలానా పనికి కావాలి అని చెప్పి, షాపువాడి తెలివి మీద నమ్మకంతో కొంటే, ఆ సరుకు ఆ పనికి పనికొచ్చేలా ఉండాలన్న షరతు మీరు రాసుకోకపోయినా ఉన్నట్టే. ఇక్కడ ఒక మెలిక ఉంది, ఫలానా బ్రాండు ఫలానా మోడలే కావాలని పేరుతో అడిగి కొంటే ఈ రక్షణ ఉండదు. హెడ్ మీరే మోడల్ పేరు చెప్పి కొన్నారు అనుకుంటున్నా, కానీ క్యాబ్ మాత్రం వాళ్లు ఎంపిక చేసింది, ఆ వాయిస్ మెసేజ్ దానికి సాక్ష్యం. అందుకే ఫిర్యాదులో హెడ్, క్యాబ్ విడివిడిగా రాయొద్దు, "ఈ హెడ్‌కి సరిపోయే క్యాబ్ అడిగాను, ఇది ఇచ్చారు, సెలెక్టర్ వాళ్లే 4 మీద పెట్టి కదపొద్దన్నారు" అని ఒకే లావాదేవీగా రాయండి.

చాలామంది నెట్‌లో చదివి ప్రొడక్ట్ లయబిలిటీ (వస్తువు వల్ల జరిగిన హానికి పరిహారం) కేసు వేద్దాం సర్ అంటారు. మీకది వద్దు. ఆ చాప్టర్‌లో హాని అన్న మాటకి ఇచ్చిన అర్థంలో ఆ వస్తువుకే జరిగిన నష్టం రాదు, సెక్షన్ 2(22) చూడండి. ఆంప్ కాలి ఇల్లు అంటుకుంటే అది వేరే సంగతి. పైగా మిస్‌యూజ్ చేస్తే అమ్మినవాడి మీద ఆ దావా వేయడానికి లేదని సెక్షన్ 87 ఉంది, వాళ్ల చేతికి మనమే కర్ర ఇచ్చినట్టు అవుతుంది.

మీ వైపు వీక్‌నెస్ కూడా చెప్పాలి. మాన్యువల్‌లో ఇంపిడెన్స్ (అంటే ఈ ఓమ్స్ అంకె) మ్యాచ్ చేయండి అన్న హెచ్చరిక దాదాపు గ్యారంటీగా ఉంటుంది, ఆంప్ వెనక ప్యానెల్ మీద కూడా ఉండొచ్చు. కంపెనీ అది చూపించి పక్కకి తప్పుకుంటుంది, దాంట్లో న్యాయం కూడా ఉంది. కాబట్టి అసలు ప్రతివాది షాపే, కంపెనీని లేదా ఇంపోర్టర్‌ని రెండో ప్రతివాదిగా పెట్టండి చాలు. మీరు చదువుకున్నవారు, మాన్యువల్ చూడలేదా అని కమిషన్ మిమ్మల్నీ అడుగుతుంది, అందుకే 1,72,000 మొత్తం వెనక్కి ఇప్పించండి అని అత్యాశకి పోవద్దు. రిపేరు ఖర్చు 38,000, కొంత నష్టపరిహారం, కోర్టు ఖర్చులు, ఇంతవరకు అడిగితే వినే మూడ్‌లో ఉంటారు. నిజం చెప్పాలంటే ఇలాంటివి చాలావరకు మధ్యవర్తిత్వానికి పంపుతారు, అక్కడ రిపేరు ఖర్చు దగ్గర తెగిపోతుంది.

షాపువాళ్లు ఇంకో రెండు మాటలు అంటారు. ఒకటి, మీరు షోలకి డబ్బు తీసుకుంటున్నారు కాబట్టి ఇది వ్యాపారం, మీరు వినియోగదారుడే కాదు అని. సొంతంగా వాయించుకుని బతుకుతెరువు కోసం కొన్నవాడు కూడా వినియోగదారుడే అని చట్టంలోనే వివరణ ఉంది, 1995లో లక్ష్మి ఇంజనీరింగ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచి చెప్పింది. మీకేమో జీతం వేరే ఉంది, ఇది సరదాకి కొన్న వస్తువు, ఎప్పుడైనా పదో పరకో వస్తే అది వ్యాపారం అయిపోదు. ఆ సంగతి ఫిర్యాదులో మీరే ముందు రాసేయండి, దాచిపెట్టి దొరికిపోవద్దు. రెండోది, బిల్లు కింద "హైదరాబాద్ కోర్టుల పరిధి మాత్రమే", "అమ్మిన సరుకు వాపసు లేదు" అని అచ్చువేసి ఉంటుంది కదా. వాటికి భయపడకండి. మీరుండే ఊళ్లోనే ఫిర్యాదు చేసే హక్కు సెక్షన్ 34 ఇచ్చింది, విజయవాడ జిల్లా కమిషన్‌లోనే వేయండి. లోపమున్న సరుకు వెనక్కి తీసుకోం అనడం ఆ చట్టంలోనే అనుచిత వ్యాపార పద్ధతుల లిస్టులో ఉంది.

5 లక్షల లోపు కొన్నవాటికి ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే ఫైల్ చేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు (మావాళ్లు చదివితే నన్ను తిడతారు). గడువు రెండేళ్లు, ఆంప్ ఆగిపోయిన రోజు నుంచి లెక్కేసుకోండి, వాళ్లు వారంటీ కాదన్న రోజు నుంచి లెక్కేస్తే తర్వాత గొడవ. దానికన్నా ముందు షాపుకి స్పీడ్ పోస్టులో నోటీసు ఇచ్చి 15 రోజులు టైమివ్వండి, ఈలోపు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ పెడితే కొన్ని షాపులు అక్కడే దిగొస్తాయి.

సాక్ష్యాల దగ్గర తొందరపడొద్దు. 38,000 కట్టి రిపేరు చేయించేస్తే కాలిన ట్రాన్స్‌ఫార్మర్ చెత్తబుట్టలోకి పోతుంది, దాంతో పాటు మీ కేసు కూడా. ముందు సర్వీస్ రిపోర్టు రాతపూర్వకంగా అడగండి, అందులో సెలెక్టర్ ఎక్కడుంది, క్యాబ్ ఎంత అని ఎలా తేల్చారు అన్నది ఉండాలి. మీరు క్యాబ్ తీసుకెళ్లకుండా హెడ్ ఒక్కటే ఇచ్చుంటే క్యాబ్ 16 అని వాళ్లకెలా తెలిసింది? మీరు నోటితో చెప్పుంటారు. మల్టీమీటర్ పెట్టి మీరే కొలవండి, కేబుల్ ఒక చివర క్యాబ్‌లో, రెండో చివర మీటర్‌కి. 16 ఓమ్స్ క్యాబ్ అయితే 12, 13 దగ్గర చూపిస్తుంది, 8 అయితే 6, 7, 4 అయితే 3 పైచిలుకు. మీటర్ అంకె కనపడేలా వీడియో తీయండి. పరీక్ష అవసరమైతే కమిషన్ సరుకుని ల్యాబ్‌కి పంపొచ్చు, కానీ గిటార్ ఆంప్‌కి ల్యాబ్ ఎక్కడ దొరుకుతుంది, అందుకని వాల్వ్ సెట్లు బాగుచేసిన పాత మెకానిక్ ఒకరిని వెతికి ఆయన అఫిడవిట్ వేయించడం మంచిది, హైదరాబాద్ వెళ్లేపనుంటే కోఠి గుజరాతీ గల్లీ వైపు వాకబు చేయండి. వాట్సాప్ వాయిస్ మెసేజ్ ఫోన్‌లోంచి డిలీట్ చేయకుండా ఉంచి, కాపీతో పాటు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువీకరణ) జతచేయండి.

ఇంక మీ టోన్. క్యాబ్ వెనక చెక్క విప్పి లోపల ఏ స్పీకర్లున్నాయో చూశారా? బిల్లులో వింటేజ్ 30 (ఒక స్పీకర్ మోడల్) అని ఉండి లోపల వేరే స్పీకర్లుంటే అది పచ్చి మోసం, అప్పుడు టోన్ గురించి కూడా మాట్లాడొచ్చు, కేసు స్థాయే మారిపోతుంది. స్పీకర్ వెనక లేబుల్ మీద మోడల్, వాట్స్, ఓమ్స్ మూడూ ఉంటాయి. గ్రీన్‌బ్యాక్ అనే స్పీకర్ మోడల్ అయితే ఒక్కోటి 25 వాట్లు, నాలుగు కలిపి 100, మీ 50 వాట్ల హెడ్‌కి చక్కగా సరిపోతుంది, ట్యూబ్ ఆంప్ గట్టిగా డిస్టార్ట్ చేసినప్పుడు రాసిన వాట్స్ కన్నా ఎక్కువే ఇస్తుంది కాబట్టి ఆ మాత్రం వెసులుబాటు ఉండాలి. వింటేజ్ 30 అయితే 60 వాట్లు, కొంచెం గట్టిగా, మిడ్స్ (మధ్యస్థాయి శబ్దాలు) ముందుకొచ్చి వినపడుతుంది. వెనక మూసిన క్యాబ్‌కీ తెరిచిన క్యాబ్‌కీ బేస్‌లో తేడా ఉంటుంది. ఇందులో ఏది బాగుంది అన్నది మీ చెవి, మీ ఇష్టం, దానికి ఏ జడ్జీ తీర్పు చెప్పడు.

హెడ్ ఎప్పుడు బాగై వచ్చినా పవర్ ఆఫ్‌లో ఉండగానే సెలెక్టర్ క్యాబ్ జాక్ మీద ఉన్న అంకెకి పెట్టండి, హెడ్‌కీ క్యాబ్‌కీ మధ్య గిటార్ కేబుల్ వాడకుండా లావుపాటి స్పీకర్ కేబుల్ వాడండి. ఇప్పటిదాకా గిటార్ కేబులే వాడుంటే ఆ సంగతి అవతలి లాయర్ కన్నా ముందు నాకు చెప్పండి. జాక్ ప్లేట్ ఫోటో, బిల్లు, సర్వీస్ రిపోర్టు పంపితే నోటీసు డ్రాఫ్ట్ రాసిస్తా.