పశువుల డాక్టరు జవాబులు: పలాస నుంచి వాంబాట్‌కి మేత

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నేను పలాసలో ఉంటున్న రిటైర్డ్ హెడ్మాస్టర్ని. మా అబ్బాయి కుటుంబం మెల్‌బోర్న్‌లో ఉంది. ఈసారి పుట్టినరోజుకి గౌనూ వద్దు, బొమ్మా వద్దు, అక్కడి వన్యప్రాణి ఆశ్రయంలో ఉన్న ఒక వాంబాట్‌ని (ఆస్ట్రేలియా అడవి జంతువట) స్పాన్సర్ చెయ్యి తాతయ్యా అని మనవరాలు పట్టుబట్టింది. ఆశ్రయం వాళ్లు ఇచ్చిన కాగితం కూడా ఫోన్లో పంపింది, మీకు జత చేస్తున్నాను. తల్లిని కారు గుద్దేస్తే దాని కడుపు సంచిలో బతికి దొరికిన ఆడపిల్లట. దవడ వంకరగా అతుక్కుందట, అందుకని ఇక అడవికి పంపలేరట. ఏడాదికి మన డబ్బులో ఆరేడు వేలవుతుంది. మా ఆవిడేమో "వీధిలో కుక్కకి గంజి పొయ్యరు గానీ ఆస్ట్రేలియా పందికొక్కుకి మనియార్డరా?" అంటోంది. నిజంగానే అడవికి పంపలేరా? లేక డబ్బులు దండుకోవడానికి అలా చెప్తారా?
– ఒక తాతయ్య, పలాస

జవాబు: మాస్టారూ, ముందు అమ్మగారికి నా మాటగా చెప్పండి, అది పందికొక్కు కాదు. కోలాకి దగ్గర చుట్టం. పెరిగితే పాతిక, ముప్ఫై కిలోలు తూగుతుంది. పగలు తను తవ్వుకున్న బొరియలో పడుకుంటుంది, రాత్రి గడ్డి మేస్తుంది. తవ్వేటప్పుడు మట్టి పిల్ల మీద పడకుండా కడుపు సంచి మూతి వెనక్కి తిరిగి ఉంటుంది. పేడ ఘనాకారంలో, నాలుగు మూలలూ తేరి పడుతుంది. ఉద్యోగమంతా పేడ చూసి రోగం చెప్పినవాణ్ని కదా, మొదటిసారి ఆ ఫొటో చూసినప్పుడు చాలాసేపు ఫోన్ పక్కన పెట్టలేకపోయాను.

ఇక కాగితం సంగతి. అందులో నాకు నమ్మకం కలిగించిన మాట దవడ. ఏడుపు పుట్టించే రాతలు ఎవరైనా రాయగలరు గానీ, ఇది పశువైద్యం తెలిసినవాళ్లు చెప్పే కారణం. వాంబాట్‌కి పళ్లన్నీ, ముందువే కాదు, నమిలే పళ్లు కూడా, బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. గరుకు గడ్డీ, వేర్లూ, బెరడూ నములుతుంటే పై పన్నూ కింది పన్నూ ఒరుసుకుని ఎప్పటికప్పుడు అరిగిపోతాయి. దవడ వంకర తిరిగితే పన్ను పన్నుకి ఆనదు. ఆనకపోతే అరగదు. అలా పెరిగి పెరిగి బుగ్గనో నాలుకనో కోస్తుంది. ముందు కావలసినంత గడ్డి ఉన్నా నోటి పుండుతో తినలేక ఎండిపోయి చచ్చిపోతుంది. శ్రీకాకుళంలో నా దగ్గరకి ఒక పెంపుడు కుందేల్ని తెచ్చేవారు. దానికి కింది ముందుపళ్లు పెదవి దాటి పైకి వచ్చి, ముక్కు వైపు వంపు తిరిగిపోయేవి. కొన్ని వారాలకోసారి అరగదీస్తే ఆకు అందుకునేది, లేకపోతే ఆకు దగ్గర కూర్చుని వాసన చూసి ఊరుకునేది. కుందేలుకైతే ఒళ్లో పట్టుకుని పని కానిచ్చేయొచ్చు. వాంబాట్‌కి మత్తు ఇవ్వాలి. అడవిలో బొరియ బొరియకీ తిరిగి దాని పళ్లు ఎవరు అరగదీస్తారు? కాబట్టి అది ఆశ్రయంలో ఉండడమే సరి.

ఇలాంటి నిజమైన కారణాలు ఇంకొన్ని ఉన్నాయి. రెండు కళ్లూ పోవడం, తవ్వే ముందుకాలు పనికి రాకుండా పోవడం, తలకి దెబ్బ తగిలి తూలడం. మరొకటి, మనిషి చేతిలో మరీ ఎక్కువగా పెరగడం. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలోనే బల్లారట్ వన్యప్రాణి పార్కులో పాట్రిక్ అనే వాంబాట్ ఉండేది. తల్లి లేక మనుషుల చేతుల్లో పెరిగింది. అడవిలో వదిలిపెట్టబోతే అక్కడి వాంబాట్లు మీదపడ్డాయి. చివరికి పార్కులోనే 31 ఏళ్లు బతికి 2017లో పోయింది. అడవిలో వీటి ఆయుష్షు పదిహేనేళ్ల లోపే. అంటే ఒకసారి ఉంచుకున్నారా, ఇరవై ముప్ఫయ్యేళ్ల మేత, కంచె, డాక్టరు ఖర్చు నెత్తిన పెట్టుకున్నట్టే. స్పాన్సర్ డబ్బులు వెళ్లేది అక్కడికే. అవి ఇచ్చారు కదా అని జంతువు మీది కాదు. మీలాంటి స్పాన్సర్లు అదే వాంబాట్‌కి చాలామంది ఉండొచ్చు, అందులో మోసమేమీ లేదు.

కారణం కానిదొకటి కూడా చెప్తాను. వాంబాట్లకి గజ్జి విపరీతంగా పడుతుంది. మన కుక్కలకీ మనుషులకీ గజ్జి తెచ్చే సార్కోప్టిస్ పురుగే దానికీ పడుతుంది. బొచ్చు రాలి, చర్మం మందంగా పొక్కు కట్టి, ఆ పొక్కు కళ్ల మీదకీ చెవుల మీదకీ పాకుతుంది. రాత్రి మేయాల్సింది ఆకలికి తాళలేక పట్టపగలే బయట తిరుగుతుంది. అయినా మరీ ముదరకపోతే అది మందుకి తగ్గే రోగం. బొరియ గుమ్మానికి ఒక ప్లాస్టిక్ రెక్క వేలాడదీసి, దాని మీద చిన్న గిన్నెలో వీపు మీద పడే మందు పెడతారు. జంతువు దూరినప్పుడు రెక్క కదిలి మందు వీపున ఒలుకుతుంది. పట్టుకోవడాలు, కట్టెయ్యడాలు ఏమీ ఉండవు. ఇంత తేలికైన తెలివి మన గొర్రెల మందల దగ్గర ఎవరికీ తట్టలేదేమా అని నాకు ఈర్ష్య. అందుకే గజ్జి తగ్గిన జంతువుని, చూపు బాగానే ఉండగా, "జీవితాంతం మా దగ్గరే" అని ఎవరైనా రాస్తే నేను ఒప్పుకోను.

కాబట్టి మీ అబ్బాయి చేత ఆ ఆశ్రయానికి ఒక మాట అడిగించండి. తెచ్చిన పిల్లల్లో ఎన్నిటిని తిరిగి అడవికి పంపారు, ఎన్నిటిని ఉంచుకున్నారు, ఉంచుకున్నవాటికి ఒక్కోదానికి కారణం ఏమిటి? మంచివాళ్లయితే ఈ ప్రశ్నకి సంతోషిస్తారు. ఆస్ట్రేలియాలో వన్యప్రాణిని ఉంచుకోవడానికి ఆ రాష్ట్రం లైసెన్సు కావాలి. న్యూసౌత్‌వేల్స్ లాంటిచోట అడవికి పంపలేని జంతువుని ఎవరూ తమంతట తాము ఉంచేసుకోకూడదు. అనుమతి దొరకాలి, లేదంటే నొప్పి తెలియకుండా ప్రాణం తీయాలి. వినడానికి కఠినమే, కానీ బాధపడే జంతువుని ప్రదర్శనకి పెట్టేకంటే అదే నయమని నా అభిప్రాయం. ఎత్తుకుని ఫొటో దిగడానికి టిక్కెట్టు అమ్మే చోటికి మాత్రం ఒక్క రూపాయి పంపకండి.

డబ్బు ఎలా పంపాలంటే, మీరు పంపకండి, మీ అబ్బాయి చేత అక్కడి డాలర్లలో కట్టించండి. ఆ ఆరేడు వేలు మీరు అతనికి ఎలాగూ ఇచ్చుకోవచ్చు. ఇక్కడి నుంచి కార్డుతో కట్టాలంటే ముందు బ్యాంకులో అంతర్జాతీయ వాడకం తెరిపించాలి, పైగా మారకం కమీషను పోతుంది. మన 80జీ పన్ను రాయితీ విదేశీ సంస్థకి ఇస్తే రాదు. అతనికైతే, ఆశ్రయానికి డీజీఆర్ హోదా (విరాళాలకి పన్ను రాయితీ ఇప్పించే గుర్తింపు) ఉంటే, 2 డాలర్లు, ఆపైన ఇచ్చే విరాళానికి అక్కడ రాయితీ వస్తుంది, బహుమతి బొమ్మ గట్రా పుచ్చుకోకపోతే. ధార్మిక సంస్థల పేర్లు ఏసీఎన్‌సీ అనే ప్రభుత్వ సంస్థ రిజిస్టరులో ఉంటాయి, అందరికీ కనబడుతుంది. ఆ రిజిస్టరు మనవరాలి చేతే వెతికించండి, పని నేర్చుకుంటుంది.

అమ్మగారి అభ్యంతరం నేను తీసిపారెయ్యను. నారాయణవలస సంతకి తోలకుండా ముసలి ఎద్దుని సాలలో ఉంచుకుని గడ్డి వేసే రైతులు మన జిల్లాలో ఇంకా ఉన్నారు. దున్నదు, అమ్మితే డబ్బొస్తుంది, అయినా వేస్తారు. వాంబాట్‌కి పంపే డబ్బూ అలాంటిదే. అయితే ఇక్కడా అలాంటి జీవాలు లేకపోలేదు. పులులు, సింహాలు, ఎలుగుబంట్లతో సర్కస్ ఆడించకూడదని 1998లో కేంద్రం ఆపేశాక, ఆ సింహాల్లో కొన్నిటిని విశాఖపట్నం జూ దగ్గరి రక్షణ కేంద్రానికి తెచ్చి ముసలితనం దాకా మేపారు. వాటికి వేట రాదు, వెళ్లే అడవీ లేదు. ఆ జూలో ఇప్పటికీ జంతువుల్ని దత్తత తీసుకునే పథకం ఉంది. మనవరాలి పేరున అక్కడొకటి, మీ ఇద్దరి పేరున ఇక్కడొకటి తీసుకుంటే ఇంట్లో గొడవా ఉండదు. వీధి కుక్కకి గంజి మాత్రం అమ్మగారు చెప్పినట్టే పొయ్యండి, దానికి రిజిస్టరు చూడక్కర్లేదు.

ప్రశ్న: డాక్టర్ గారూ, రీల్స్‌లో వాంబాట్ పిల్ల చాలా ముద్దుగా ఉంది. ఇండియాకి తెప్పించుకుని పెంచుకోవచ్చా? ఆవుపాలు పడితే బతుకుతుందా?
– ఇంటర్ విద్యార్థి, రాజాం

జవాబు: తెప్పించుకోలేవు బాబూ. సొంత దేశపు అడవి జంతువుల్ని బతికుండగా వ్యాపారానికి పంపడానికి ఆస్ట్రేలియా చట్టం ఒప్పుకోదు. ఆవుపాలూ పడవు. వాటిలోని లాక్టోజ్ ఈ సంచి జంతువుల పిల్లలకి అరగక విరేచనాలవుతాయి, అందుకే వాటికి వేరే పాలపొడి కలుపుతారు. పైగా రీల్స్‌లో ఉండే ముద్దు రెండేళ్ల లోపే పోతుంది. పెరిగిన వాంబాట్ తలుపులు తవ్వుతుంది, పిక్క పట్టుకుంటుంది. 2025 మార్చిలో ఒక అమెరికా ఆవిడ రోడ్డు పక్కన పిల్లని తల్లి దగ్గర నుంచి ఎత్తుకుని పరుగెత్తుతూ వీడియో తీయించుకుంది. తల్లి వెనక పరుగెత్తడం అందులో కనిపిస్తుంది. ఆస్ట్రేలియా అంతా మండిపడింది, ఆవిడ దేశం విడిచి వెళ్లింది. అలాంటి రీల్ కనబడితే లైకు కొట్టకు, కొడితే ఇంకొకడు తీస్తాడు.