నెల్లూరు సీమ రైతుల గోడు పార్లమెంటుకు చేరిన దారి

1801లో ఆర్కాటు నవాబు నుంచి నెల్లూరు, ఒంగోలు సీమలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక, ఇక్కడి శిస్తు వసూళ్లను బ్రిటిష్ పార్లమెంటు ఎప్పుడైనా నిలదీసిందా, చట్టాల్లో ఎంత వెతికినా జవాబు దొరకడం లేదని ఒంగోలు నుంచి మీరు అడిగారు. చట్టాలను కాసేపు పక్కనపెట్టి అర్జీలను చూడండి. కంపెనీ చార్టరు, అంటే దానికి హక్కులిచ్చే పత్రం, ఇరవై ఏళ్లకోసారి పునరుద్ధరణకు వచ్చినప్పుడే పార్లమెంటు గట్టిగా ఆరా తీసేది. 1853 గడువుకు ముందు గాజుల లక్ష్మీనరసు చెట్టి గారి మద్రాసు నేటివ్ అసోసియేషన్ అనే స్థానికుల సంఘం పార్లమెంటుకు అర్జీ పంపగా, డాన్బీ సేమర్ అనే పార్లమెంటు సభ్యుడు స్వయంగా మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చి చూసి, 1854లో పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభలో, శిస్తు వసూలు కోసం పెట్టే చిత్రహింసల సంగతి వివరించారు. దాని ఫలితమే 1855 నాటి విచారణ సంఘం నివేదిక. శిస్తు కట్టలేని రైతును వంచి, మెడ మీదుగా కాలివేళ్ల కిందకు తాడు బిగించి, వీపున బండరాయి పెట్టి ఎండలో ఉంచడం అందులో ఉంది. చదివిన ప్రతిసారీ నా మనసు కలుక్కుమంటుంది. మీకు కావలసింది ఆ నివేదికే. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోదే గనుక, నెల్లూరు పేరుతో వెతకండి.